హెలెన్ షపీరో 45 సింగిల్: చివర గొంతు చీలుతోంది, ఏ సూది వాడాలి?

బ్రిటిష్ గాయని హెలెన్ షపీరో పాడి, 1961లో బ్రిటన్ చార్టుల్లో మొదటి స్థానానికెక్కిన ‘వాకిన్ బ్యాక్ టు హ్యాపీనెస్’ రికార్డు ఇది, నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న సైజుది. ఆకుపచ్చ లేబుల్ కొలంబియా కంపెనీది, నంబర్ డీబీ 4715, మోనో (ఒకే చానల్ శబ్దం). అప్పటికి ఆ అమ్మాయికి పదిహేనేళ్లే, గొంతు మాత్రం బాగా నిండైనది. దాన్ని డిజిటల్‌లోకి ఎక్కించాలి.

డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెట్టాక చిటపటలు తగ్గాయి. సూదిని పట్టుకుని దాని కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే స్టీరియో కార్ట్రిడ్జ్‌తోనే రికార్డు చేసి, ఎడమ, కుడి చానళ్లు కలిపితే సూది పైకీ కిందికీ కదలడం వల్ల వచ్చే రొద చాలావరకు పోయింది. మిగిలిందల్లా పాట చివర, అంటే మధ్యకు దగ్గరున్న లోపలి గాడుల్లో, ‘స’కారాలు చీలడం. మురికైతే కడిగినప్పుడే పోవాలి కదా. బరువైన పాత గ్రామఫోన్ సూదులు గాడి గోడల్ని అరగదీసి ఉంటాయని నా అనుమానం.

ఇప్పుడున్నది 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) గుండ్రటి మొన సూది. 1 మిల్‌ది వేస్తే గాడిలో కాస్త పైన ఆనుతుంది, అక్కడ అరుగుదల తక్కువ ఉండొచ్చు. ఇలాంటి 60ల నాటి 45ల మీద రెండూ వాడి చూసినవాళ్లున్నారా? తేడా వినిపించేంత ఉందా? సూది గాడిని నొక్కే బరువు కార్ట్రిడ్జ్ పరిమితిలో పై అంచున పెడితే చీలిక తగ్గుతుందా? సాఫ్ట్‌వేర్‌తో ‘స’లు అణచడం ఇష్టం లేదు, గొంతులో పదును పోతుంది.