చీకటి మేఘంలో పెద్ద నక్షత్రం ఎలా పుడుతుందండి?

అమలాపురం నుంచి:
సూర్యుడికి 8 రెట్లు మించిన నక్షత్రం తన వెలుగుతోనే చుట్టూ వాయువును నెట్టేయాలి కదా! మరి అంత బరువు ఎలా కూడుతుంది? ఆ మేఘాల్ని ఇంట్లో కంప్యూటర్లో చూడొచ్చా?

రాజోలు నుంచి:
వాయువు అన్ని వైపుల నుంచీ సమంగా పడితే మీరన్నట్టే ఆగిపోతుందండి. కానీ అది తిరుగుతూ పళ్లెంలా పరుచుకుని నడుము వైపు నుంచి లోపలికి జారుతుంది. వెలుగు మాత్రం జెట్లు (ధ్రువాల నుంచి చిమ్మే వాయు ధారలు) తొలిచిన ఖాళీల్లోంచి ధ్రువాల వైపు పోతుంది, కాలవ నిండితే మిగులు నీరు డ్రెయిన్లోకి వదిలినట్టు. అసలు చిక్కు అంతకు ముందే ఉంది. 10-20 కెల్విన్ల చలిలో మేఘం సూర్యుడంతటి చిన్న ముక్కలుగా చీలిపోవాలి. సుడులు, అయస్కాంత క్షేత్రం ఆ చీలికను ఆపుతాయని ఒక వాదన. చిన్న ముక్కే చుట్టుపక్కల వాయువంతా తాగి పెరుగుతుందని ఇంకోటి. తగువు తీరలేదు గానీ నా మొగ్గు రెండోదానికే.

పాలకొల్లు నుంచి:
చూడొచ్చండి. అలాడిన్ అనే ఆకాశ పటాల సాఫ్ట్‌వేర్‌లో ధనూరాశి దగ్గర జీ11.11-0.12 అనే చీకటి మేఘం వెతికి, స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపు 8 మైక్రాన్ల పరారుణ చిత్రం పెట్టండి. నల్ల పాములా కనపడుతుంది. అయితే నల్లగా ఉన్నదల్లా మేఘం కాదు, వెనక వెలుగులో చిల్లు కూడా కావచ్చు. అందుకే హెర్షెల్ అనే ఇంకో టెలిస్కోపు 250 మైక్రాన్ల చిత్రానికి మార్చి చూడండి: మేఘమైతే మెరుస్తుంది, చిల్లైతే నల్లగానే ఉంటుంది. మేఘం బరువుకు కార్బన్ మోనాక్సైడ్ వాయువు లెక్కలు మాత్రం నమ్మకండి. ఆ చలికి అది ధూళి మీద గడ్డకట్టి, బరువు తక్కువ చూపిస్తుంది. అమోనియా మేలు.

అమలాపురం నుంచి:
ఆయ్, చిల్లు సంగతి తట్టలేదండి. డాబా మీంచి చూద్దామంటే రొయ్యల చెరువుల లైట్లే!