చర్చ: రోగిని చూసుకునే ఇంటివాళ్లకి కావాల్సింది కౌన్సెలింగా, కాస్త సెలవా?

మూడోషిఫ్ట్:
మా అత్తయ్యకి డిమెన్షియా, అదే మతిమరుపు జబ్బు. నాలుగో ఏడు నడుస్తోంది. మొన్న డాక్టర్ దగ్గరికి తీసుకెళితే నా చేతిలో ఒక కాగితం పెట్టి నింపమన్నారు. జారిట్ స్కేల్ అట, చూసుకునేవాళ్ల మీద భారం ఎంతుందో కొలిచేదట, 1980లో మొదలైందట. 22 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 88. ‘మీకంటూ టైమ్ మిగలడం లేదనిపిస్తుందా’ లాంటి ప్రశ్నలు. నాకు 64 వచ్చింది. స్కూల్లో ఉన్నప్పుడు కూడా ఇన్ని మార్కులు రాలేదు. ‘ఎక్కువే ఉంది, కౌన్సెలింగ్‌కి రండి’ అన్నారు. నేను వచ్చిన గంటసేపు ఆవిడ దగ్గర ఎవరుంటారండీ అంటే జవాబు లేదు. మాలాంటివాళ్లకి నిజంగా పనికొచ్చేది ఏది? మాటలా, మనిషా?

లెక్కలమాస్టారు:
మాటలే. ఇది నా అభిప్రాయం కాదు, పరిశోధన తేల్చిన విషయం. న్యూయార్క్ యూనివర్సిటీలో మేరీ మిటెల్‌మన్ బృందం, అల్జీమర్స్ (డిమెన్షియాలో ఒక రకం) వచ్చిన భర్తనో భార్యనో చూసుకునే 406 మందిని ఏళ్ల తరబడి గమనించింది. సగం మందికి ఆరు కౌన్సెలింగ్ సెషన్లు, తర్వాత సపోర్ట్ గ్రూప్, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫోన్‌లో సలహా. 2006లో ఫలితాలు వచ్చాయి. ఈ సాయం అందినవాళ్లు రోగిని నర్సింగ్ హోమ్‌లో చేర్చడం, మధ్యగతం (అందర్నీ వరసలో పెడితే నడిమధ్య వచ్చే అంకె) లెక్కన, 557 రోజులు వెనక్కి జరిగింది. ఇక ‘సెలవు’ సంగతి. రోగిని కొన్నాళ్లు వేరేవాళ్లకి అప్పజెప్పే రెస్పైట్ కేర్ మీద 2014లో కాక్రేన్ సమీక్ష, అంటే అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ ఒకచోట పెట్టి చూసే సమీక్ష, వచ్చింది. ప్రయోజనం ఉందనడానికి ఆధారం దొరకలేదు.

కిటికీ:
మధ్యగతంతో పక్క మార్చగలమా మాస్టారూ?

మూడోషిఫ్ట్:
557 రోజులు ఎవరికి మిగిలాయండీ? నర్సింగ్ హోమ్‌కి వెళ్లడం ఆలస్యమైందంటే, ఆ ఏడాదిన్నరా ఇంట్లో మోసింది ఎవరు? దాన్ని నాకు జరిగిన మేలు కింద రాస్తే ఎలా?

లెక్కలమాస్టారు:
మీరు సగమే చదివారు. వాళ్లలో డిప్రెషన్ లక్షణాలు కూడా తగ్గాయి. ఆ తేడా మూడేళ్లు దాటి నిలిచింది. భారం తట్టుకోగలిగారు కాబట్టే ఇంట్లో ఉంచుకున్నారు.

ఉషోదయం:
ఇది సుకుమారంగా మాట్లాడుకునే విషయం కాదు. మనుషులు చచ్చిపోతున్నారు. 1999లో షుల్జ్, బీచ్ అనేవాళ్లు రాశారు. ముసలి దంపతుల్లో ఒకరు మరొకర్ని చూసుకుంటుంటే, చూసుకునేవాళ్లకి నాలుగేళ్లలో చనిపోయే ప్రమాదం 63 శాతం ఎక్కువ.

లెక్కలమాస్టారు:
తప్పు. చూసుకునేవాళ్లందరికీ కాదు, చూసుకుంటూ ఒత్తిడి పడుతున్నామని చెప్పినవాళ్లకి. ఒత్తిడి లేదన్నవాళ్లకి ఆ ప్రమాదం కనిపించలేదు. పైగా 2013లో రాత్ బృందం మూడున్నర వేల మంది చూసుకునేవాళ్లని, అలాంటి పరిస్థితుల్లోనే ఉండి ఎవర్నీ చూసుకోని అంతమందితో పోల్చింది. చూసుకునేవాళ్లలోనే మరణాలు 18 శాతం తక్కువ.

ఉషోదయం:
అంటే సేవ చేస్తే ఆయుష్షు పెరుగుతుందంటారా? బావుంది.

లెక్కలమాస్టారు:
నేనలా అనలేదు. 63 ఎవరికి వర్తిస్తుందో చెప్పాను.

ఉషోదయం:
63 ఉందా లేదా? అవును, కాదు. ఒక్క మాటలో చెప్పండి.

పాతకాపు:
మా అమ్మ మా నాయనమ్మని తొమ్మిదేళ్లు మంచంలో పెట్టుకుని చూసింది. ఏ స్కేలూ లేదు, ఏ గ్రూపూ లేదు. సొంతవాళ్లకి చేసేదాన్ని ‘భారం’ అనడమే ఈ కాలపు జబ్బు. దానికి మళ్లీ మార్కులు!

మూడోషిఫ్ట్:
పాతకాపు గారూ, ఆ తొమ్మిదేళ్లలో మీ అమ్మగారిని ఒక్కసారైనా ఎవరైనా అడిగారా, ఎలా ఉన్నావని? మీరు అడిగారా?

మా ఇంట్లో సంగతి చెబుతాను. అత్తయ్య టాబ్లెట్ వేసుకుని నీళ్లు తాగుతుంది, ‘మింగాను’ అంటుంది. బుగ్గలో దాచుకుంటుంది. నేను అటు తిరగ్గానే తీసి దిండు గలీబులో పెడుతుంది. నిన్న గలీబు విప్పితే పదకొండు దొరికాయి. కొన్ని తడికి ముద్దయి గుడ్డకి అంటుకుపోయాయి, గోటితో గీకాను. ఆవిడ చూస్తూ ‘ఎవరమ్మా నువ్వు, మా కోడలు రాలేదా’ అంది. ఆవిడ మీద కోపం రాలేదు. అదే టైమ్‌కి ఫోన్‌లో మా మరిది పంపిన లింకు వచ్చింది: ‘వదినా, కేర్‌గివర్లు ఒత్తిడి తగ్గించుకునే మార్గాలు, తప్పక చదవండి’. దాని మీద వచ్చింది.

పాతకాపు:
మా అమ్మ ప్రస్తావన మీరెందుకు తెచ్చారు?

కిటికీ:
తెచ్చింది మీరే కదా సార్.

నిర్వాహకుడు:
ఇళ్ల సంగతులు చెప్పుకోండి, ఒకరి మీద ఒకరు వద్దు.

మూడోషిఫ్ట్:
మాస్టారూ, ఒక్క ప్రశ్న. ఆ న్యూయార్క్ ఆరు సెషన్లలో ఎవరెవరు కూర్చున్నారు?

లెక్కలమాస్టారు:
చూసుకునే మనిషితో విడిగా రెండు. మిగతా కుటుంబసభ్యులతో కలిపి నాలుగు.

మూడోషిఫ్ట్:
ఆరింటిలో నాలుగు! ఇందాకట్నుంచి మీరు 557 చెబుతున్నారు గానీ ఈ నాలుగు చెప్పలేదు. మీ ఇంట్లో ఎవర్ని ఎవరు చూసుకుంటున్నారు?

లెక్కలమాస్టారు:
నాన్నగారిని మా చెల్లి చూసుకుంటోంది. నేను దూరంలో ఉన్నాను. మీరేం అనబోతున్నారో తెలుసు. అవును, నేనూ లింకులు పంపాను. బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంది. కానీ మనిషిని పెడతానని కూడా అన్నాను, మొత్తం ఖర్చు నాదే అన్నాను. ఒప్పుకోలేదు. నాన్నని పరాయివాళ్లు ముట్టుకోకూడదట. మనిషి దొరికినా వద్దంటే ఇక మిగిలేది మాటలే కదా? అందుకే కౌన్సెలింగ్ అంటున్నాను. ఇందులో నా తప్పేమిటో చెప్పండి.

మూడోషిఫ్ట్:
నేనూ మొదట్లో ఆయా వద్దన్నాను. పరాయి చెయ్యి అని కాదు. ఆయా వస్తే ఇక అందరి బాధ్యతా తీరిపోయినట్టే. మరిది ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు ఒకసారికి దిగుతాడు. ‘మనిషి ఉంది కదా వదినా’ అంటాడు. మీ చెల్లెలి మనసులో ఏముందో నాకు తెలీదు, అడిగి చూడండి. లింకు పంపకుండా.

కిటికీ:
రెస్పైట్ మీద ఆ సమీక్ష నేనూ చూశాను. అందులో దొరికింది నాలుగే ప్రయోగాలు, వాటి నాణ్యత కూడా తక్కువే అని వాళ్లే రాసుకున్నారు. ఆధారం దొరకలేదంటే పని చేయదని కాదు. మాస్టారు ఇది చెప్పలేదు.

లెక్కలమాస్టారు:
నిజమే, అది రాసి ఉండాల్సింది.

మూడోషిఫ్ట్ గారూ, వెళ్లి నాలుగు రోజులుంటే సరిపోతుందా?

మూడోషిఫ్ట్:
టాబ్లెట్ మింగారో లేదో కనిపెట్టడానికే రెండు రోజులు పడుతుంది. పది రోజులుండండి. వెళ్లిన మొదటి రాత్రి మీ చెల్లిని వేరే గదిలో తలుపేసుకుని పడుకోమనండి. నాన్నగారు ఆమెనే పిలుస్తారు. మీరే లేవాలి.

ఉషోదయం:
63 సంగతి ఇంకా తేలలేదు.

లెక్కలమాస్టారు:
ఉంది, ఉషోదయం గారూ. ఒత్తిడి పడేవాళ్లకి.