థైరోగ్లోబ్యులిన్ ఒక్కో ల్యాబ్‌లో ఒక్కోలా వస్తోంది, ఏది నమ్మాలి?

అమలాపురం అబ్బాయి:
అమ్మకి క్యాన్సర్ అని థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు, రేడియో అయోడిన్ చికిత్స కూడా అయింది. క్యాన్సర్ మళ్ళీ వచ్చిందేమో చూడ్డానికి థైరోగ్లోబ్యులిన్ (థైరాయిడ్ కణాలు తయారుచేసే ప్రొటీన్) రక్తపరీక్ష చేయిస్తున్నాం, కాకినాడలో 0.2 వచ్చింది. ఈసారి రాజమండ్రిలో ఇస్తే 0.9 అట. ఇంట్లో ఒకటే టెన్షన్. పెరిగినట్టేనా?

భీమవరం ల్యాబ్ టెక్నీషియన్:
కంగారు పడకండి. రిపోర్టులో అంకె కింద చిన్న అక్షరాల్లో మెథడ్ ఉంటుంది, అది వేరైతే రెండూ పోల్చకూడదు. ఇది శాండ్‌విచ్ పద్ధతి, ఒక యాంటీబాడీ ప్రొటీన్‌ని పట్టుకుంటే రెండోది వెలుగిచ్చే గుర్తుతో వచ్చి అతుక్కుంటుంది, ఆ వెలుగునే మిషన్ కొలుస్తుంది. చాలా కిట్లని సీఆర్ఎం-457 అనే ఒకే ప్రమాణానికి సరిచేస్తారు గానీ, 660 కిలోడాల్టన్ల (అణువు బరువు కొలత) అంత పెద్ద ప్రొటీన్‌ని ఒక్కో కిట్ ఒక్కోచోట పట్టుకుంటుంది, తేడా ఎక్కడికి పోతుంది? పాత ల్యాబ్‌లోనే మళ్ళీ ఇప్పించండి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) కూడా చూడాలి, అది పెరిగితే ఇదీ పెరగొచ్చు.

గోదారి గట్టు:
యాంటీ-థైరోగ్లోబ్యులిన్ యాంటీబాడీ చేయించారా? రక్తంలో అది ఉంటే ప్రొటీన్‌ని కప్పేస్తుంది, అంకె తక్కువ చూపిస్తుంది. అప్పుడు అనుమానించాల్సింది 0.2నే.

అమలాపురం అబ్బాయి:
నెగటివ్ అండి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు మాత్రం వేసుకుంటోంది.

భీమవరం ల్యాబ్ టెక్నీషియన్:
అదీ చెప్పాల్సిందే! కొన్ని మిషన్లలో బయోటిన్ కూడా ఫలితాన్ని తగ్గించేస్తుంది. డాక్టర్‌ని అడిగి, శాంపిల్‌కి కనీసం రెండు రోజుల ముందు ఆపించండి. థైరాయిడ్ మాత్ర మాత్రం ఆపొద్దు.