ఆల్ట్రూయిజం అంటే పరోపకారమేనా?

కృష్ణాతీరం:
పత్రికల్లో ఆల్ట్రూయిజం అన్న మాటకి కళ్ళు మూసుకుని పరోపకారం అని రాసేస్తున్నారు. నాకు ఒప్పుదలగా లేదు. ఆ మాటను 1850ల మొదట్లో తయారుచేసినవాడు ఫ్రాన్సు తత్వవేత్త ఆగస్ట్ కోంత్. లాటిన్లో ఆల్టర్ అంటే ఇంకొకడు. దాన్నుంచి వచ్చిన ఇటాలియన్ మాట ఆల్ట్రుయి. స్వార్థానికి ఎదురు నిలబెట్టడానికి ఆయనకో మాట కావాల్సి వచ్చింది. దేవుడూ స్వర్గమూ లేకుండా మానవజాతినే కొలిచే మతం ఒకటి పెట్టాడాయన. 'ఇతరుల కోసం బతకడం' దాని సూత్రం. మనమేమో 'పరోపకారః పుణ్యాయ' అంటాం. పుణ్యం వస్తుందని చేస్తే అందులో మన లాభం ఉన్నట్టే కదా? రెండూ వేరని నా వాదన.

తెనాలి_మాస్టారు:
సగం శ్లోకం చెప్పి తీర్పు ఇవ్వకండి. 'పాపాయ పరపీడనం' కూడా కలిపి చదవండి. అక్కడ పుణ్యం, పాపం అన్నవి మంచికీ చెడుకీ పేర్లు, అంతేగాని కూలి కాదు. ఫలం ఆశించకుండా పని చెయ్యమని గీతలో లేదా? కోంత్ పుట్టకముందే మనకా ఆలోచన ఉంది.

కృష్ణాతీరం:
ఆలోచన ఉందా లేదా అని నేను అడగలేదు. 'పుణ్యాయ' చతుర్థీ విభక్తి. పుణ్యం కోసం అనే కదా అర్థం? విభక్తే చెప్తోంది.

తెనాలి_మాస్టారు:
పిల్లలకి తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు విభక్తులు నేర్పకండి. పుణ్యానికి దారితీస్తుంది అని కూడా చెప్పుకోవచ్చు.

బుల్లెట్_రాజు:
రక్తదానం చేస్తే సర్టిఫికెట్ ఇస్తారు. తీసుకుంటే పరోపకారం పోయినట్టేనా?

చీమలపుట్ట:
ఆ మాట ఇప్పుడు తత్వవేత్తల సొత్తు కాదండీ. రక్తసంబంధం దగ్గరయ్యేకొద్దీ త్యాగం చేసే గుణం తరతరాలుగా ఎందుకు నిలుస్తుందో 1964లో జీవశాస్త్రవేత్త హామిల్టన్ లెక్కకట్టి చూపించాడు. బంధుత్వం లేనివాళ్ళ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం గురించి 1971లో ట్రివర్స్ అనే ఇంకో జీవశాస్త్రవేత్త రాశాడు. జీవశాస్త్రంలో మనసులో ఏముందన్నది అక్కర్లేదు, ఎవరికి నష్టం, ఎవరికి లాభం అన్నదే చూస్తారు.

తెనాలి_మాస్టారు:
చీమల సంగతి ఇక్కడెవరూ అడగలేదు. రాజు గారూ, సర్టిఫికెట్ కోసమే వెళ్తే పోయినట్టే. బదులు అడిగితే అది పరోపకారం కాదు, బేరం. అంతే.

గోరింట:
అంతే అనేసి ఊరుకోకండి మాస్టారూ. మా తమ్ముడికి నేను కిడ్నీ ఇచ్చాను. ఆపరేషన్ అయ్యేదాకా ఇంటిల్లిపాదీ నన్ను దేవత అన్నారు. నాన్న పోయాక తాతల నాటి పొలం పంచుకునేటప్పుడు నా వాటా అడిగాను. 'ప్రేమతో ఇచ్చానన్నావు, ఇప్పుడు ఖరీదు కడుతున్నావా' అంది మా పెద్దత్త. అప్పట్నుంచి తమ్ముడు మాట్లాడ్డం లేదు. మీరు రాసిన బేరం అన్న మాట నేను మా ఇంట్లో విన్నాను.

కృష్ణాతీరం:
మీ బాధ అర్థమైందండీ. కానీ ఈ చర్చ మాట పుట్టుక గురించి.

బుల్లెట్_రాజు:
పుట్టుకే కావాలంటే ఒకటి చెప్తా. బ్రెజిల్ జెండా మీద 1889 నుంచి ఉన్న 'క్రమం, ప్రగతి' కోంత్ సూత్రంలోదే. 'ప్రేమ మూలం' అన్న మొదటి ముక్క వదిలేశారు.

గోరింట:
కృష్ణాతీరం గారూ, పుట్టుక గురించే మాట్లాడతాను. మీరు రాసింది చూసి కోంత్ గురించి చదివాను. తన విధి తాను చేసుకునే హక్కు తప్ప మనిషికి ఇంకే హక్కూ లేదన్నాడాయన. ప్రేమలో ఆడవాళ్ళే గొప్ప అన్నాడు. 1846లో చనిపోయిన క్లోతిల్ద్ ద వో అనే ఆమెను దేవతలా కొలిచాడు. ఆడవాళ్ళు ఇల్లు దాటి అధికారంలోకి రావద్దనీ ఆయనే అన్నాడు. ఆడవాళ్ళ విషయంలోనే ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్‌కీ ఆయనకీ ఉత్తరాల్లో పడలేదు. దేవతని చేసి నోరు మూయించడం మా ఇంట్లో మొదలైంది కాదన్నమాట.

కృష్ణాతీరం:
మాటను పుట్టించినవాడి అభిప్రాయాలన్నీ మాటకి అంటగట్టలేం.

తెనాలి_మాస్టారు:
అమ్మా, నేనూ ఇంటి సంగతే చెప్తాను. నా జీతంతో ఇద్దరు తమ్ముళ్ళని చదివించాను. దానికోసం నా పెళ్ళి వాయిదా వేసుకున్నాను. ఇవాళ పండక్కి కూడా వాళ్ళ దగ్గర్నుంచి ఫోన్ రాదు. అయినా నేను ఏమీ అడగలేదు. అడిగిన రోజున నేను చేసిందంతా అప్పు కింద జమ అవుతుంది. మీరు పొలం అడిగారు, ఇక మీ తమ్ముడికి మీ కిడ్నీ తీర్చాల్సిన బాకీలా కనిపిస్తుంది. నా భయం అది.

గోరింట:
మీరు అడక్కపోవడం మీ ఇష్టం మాస్టారూ. నన్ను అడగొద్దనడం వేరు. కిడ్నీకి డబ్బు తీసుకోవడం 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం నేరమని సంతకాలప్పుడే చెప్పారు. నేను రూపాయి అడగలేదు. తాతల ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉందని హిందూ వారసత్వ చట్టానికి చేసిన 2005 సవరణ చెప్తోంది. నేను కిడ్నీ ఇవ్వకపోయినా ఆ వాటా నాదే. ఇచ్చినందుకే అడగకూడదంటున్నారు. ఇదెక్కడి న్యాయం?

నైట్‌డ్యూటీ_సిస్టర్:
డయాలసిస్ దగ్గర పనిచేస్తాను. మా దగ్గర బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్ళు ఎక్కువగా అమ్మలు, భార్యలు, అక్కచెల్లెళ్ళు. అదే భార్యకి కావాల్సి వస్తే 'ఆయన సంపాదించాలి కదమ్మా' అంటారు. ముందు ఇది తేల్చండి, విభక్తి తర్వాత చూద్దాం.

తెనాలి_మాస్టారు:
సిస్టర్ గారు చెప్పింది కాదనను. కానీ నోరు తెరిచి అడిగితే చేసిన మంచికి విలువ తగ్గుతుంది. నా మాట అదే.

గోరింట:
విలువ తగ్గితే తగ్గనివ్వండి. పొలం కాగితాలు లాయరు గారికి ఇచ్చేశాను, నోటీసు వెళ్తుంది. తమ్ముడికి మందులు మాత్రం ఇప్పటికీ నేనే పంపిస్తున్నాను.