చిత్రిక పట్టడం: పెద్దనాన్న పెట్టెలో దొరికిన పనిముట్టు, దాంతోపాటు ఒక నుడికారం

ప్రశ్న (ఏలూరు)

మా పెద్దనాన్న వడ్రంగం చేసేవారు. ఆయన పోయాక పనిముట్ల పెట్టె మా ఇంటికి చేరింది. బాడిసె, ఉలులు, బరమా, మూలమట్టం, చెక్కని నునుపు చేసే పెద్ద చిత్రిక గుర్తుపట్టాం. ఒక్కటి మాత్రం ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. జానెడు పొడవుండే సన్నటి చెక్క దిమ్మె. పిడి లేదు. పైనుంచి ఒక ఇనప పలక, దాన్ని బిగిస్తూ ఒక చెక్క ముక్క లోపలికి దిగి ఉన్నాయి. పలక పైన సన్నగా ఉండి, అడుగుకొచ్చేసరికి దిమ్మె రెండు అంచులనీ తాకేంత వెడల్పయింది. పక్కన గుండ్రంగా ఒక తొర్ర ఉంది. వెనక కొసనిండా సొట్టలే, ఎవరో పనిగట్టుకుని కొట్టినట్టు. ఇదేమిటో చెప్పగలరా?

ఇంకో అనుమానం కూడా. పుస్తక సమీక్షల్లో "పల్లె జీవితాన్ని చిత్రిక పట్టిన నవల" అని తరచూ కనిపిస్తుంది. ఆ చిత్రిక, మా పెట్టెలోని చిత్రిక ఒకటేనా?

జవాబు (నిజామాబాద్)

మా దిక్కు చిత్రిక అంటే చానామందికి తెల్వదు. రందా అంటరు. "తలుపుకు రందా కొట్టించిన" అంటే అందరికీ అర్థమైతది. ఉర్దూ నుంచి వచ్చింది, అసలు పారశీకం మాట. మీరు చెప్పింది రందానే అనిపిస్తున్నది, చిన్న రకం.

జవాబు (తెనాలి)

చిత్రికే, అయితే చదును చేసేది కాదు, గాడి తీసేది. మీ ఇంటి ద్వారబంధం దగ్గర నిలబడి చూడండి. తలుపు వేసినప్పుడు వెళ్లి ఆనడానికి లోపలివైపు నిలువునా ఒక మెట్టు ఉంటుంది కదా, దాన్ని తీసింది ఇలాంటి దాంతోనే. మామూలు చిత్రికలో పలకకి రెండు పక్కలా చెక్క ఉంటుంది కాబట్టి అది మూల దాకా వెళ్లి కోయలేదు. దీంట్లో పలక అంచుల దాకా ఉంటుంది, అందుకే మెట్టు లోపలి మూలని కూడా శుభ్రంగా తీసేస్తుంది. పక్కనున్న తొర్ర పొట్టు బయటికి పోవడానికి. అది లేకపోతే నాలుగుసార్లు తోసేసరికి పొట్టు ఇరుక్కుని పని ఆగిపోతుంది.

సొట్టల సంగతి. చెక్క చిత్రికకి మరలు ఉండవు. పలక ఇంకాస్త కిందికి దిగాలంటే పలక తల మీద తట్టాలి. ఎక్కువ దిగితే దిమ్మె వెనక కొస మీద సుత్తితో తట్టాలి, అప్పుడు బిగువు వదిలి పలక వెనక్కి వస్తుంది. ఏళ్ల తరబడి అలా తట్టితే మిగిలేవి ఆ గుర్తులే. దయచేసి వాటిని గరుకు కాగితం పెట్టి రుద్దేయకండి. ఇనుముకి తుప్పుంటే కిరసనాయిలు గుడ్డతో తుడవండి, చెక్కకి కాస్త అవిసె నూనె రాయండి, చాలు.

ఒకసారి అడుగు భాగం కూడా చూడండి. చదునుగా ఉంటే నేను చెప్పినట్టు మెట్టు తీసేది. వంపుగానో గుండ్రంగానో ఉంటే అంచులకి నగిషీ తీసేది.

మళ్లీ ఏలూరు

చదునుగానే ఉందండీ. మా వీధి తలుపు ద్వారబంధంలో పెట్టి చూస్తే చక్కగా కూర్చుంది. ఆ ద్వారబంధం చేసింది కూడా పెద్దనాన్నే.

జవాబు (విజయనగరం)

పనిముట్టు సంగతి తేలింది కాబట్టి నుడికారం దగ్గరికొస్తాను. తెలుగు పాఠాలు చెప్పే పనిలో ఉన్నాను, ఈ మాట మీద నాకు గట్టి పట్టింపే ఉంది.

చిత్రిక ఒకటే. నిఘంటువుల్లోనూ వడ్రంగి పనిముట్టే. చిత్రిక పట్టడమంటే ఎగుడుదిగుళ్లు పోయేలా పైపొర తీసి నునుపు చేయడం. అక్కడి నుంచే రాతలోకి వచ్చింది. "ఆయన ప్రతి వాక్యాన్నీ చిత్రిక పడతాడు" అంటే అనవసరమైన మాటలు తీసేసి నున్నగా చేస్తాడని. ఎంత చక్కటి మాట! చిత్రిక ఏదీ కొత్తగా చేర్చదు, ఉన్నదాంట్లోంచి తీస్తుంది. తెనాలి నుంచి రాసినవారికి తెలిసే ఉంటుంది, చెక్క వాటం, అంటే పీచు సాగే దిక్కు, చూసుకుని పట్టాలి, ఎదురు పడితే పెచ్చులు లేస్తాయి. వాక్యానికీ ఒక వాటం ఉంటుంది.

"పల్లె జీవితాన్ని చిత్రిక పట్టింది" అనే చోట మాత్రం రాసినవారి ఉద్దేశం చిత్రించిందని. చిత్రం, చిత్రిక వినడానికి దగ్గరగా ఉన్నాయి. "సమాజానికి అద్దం పట్టింది" అనే వాడుక పక్కనే ఉంది. ఈ రెండూ కలిసిపోయి ఈ ప్రయోగం పుట్టిందని నా ఊహ. కానీ పల్లెని చిత్రిక పట్టడమంటే పల్లెలోని ఎగుడుదిగుళ్లు చెక్కేయడం! మంచి నవల చేసే పని దానికి సరిగ్గా ఎదురు కదా.

జవాబు (బెంగళూరు)

మాస్టారూ, గౌరవంగానే విభేదిస్తున్నాను. పత్రికల్లో, సభల్లో ఇంత విరివిగా వాడుతున్నాక అదీ ఒక అర్థమే అవుతుంది. మాటలు పుట్టిన చోటే ఉండిపోతాయా? చిత్రికని చూడనివాళ్లకి ఆ మాటలో చిత్రమే వినిపిస్తుంది, అందులో వాళ్ల తప్పేముంది?

విజయనగరం

తప్పు అనను. వాడుక గెలుస్తుందనీ ఒప్పుకుంటాను. అయినా పోగొట్టుకునేది ఏమిటో చూడండి. బొమ్మ కట్టడానికి మనకి చిత్రించడం ఉంది, రూపు కట్టించడం ఉంది, కళ్లకు కట్టడం ఉంది. రాసింది నునుపు చేయడానికి ఉన్నవి కొన్నే. సాన పట్టడం ఉంది గానీ అది పదును పెట్టడం, వేరే పని. పదునైన వాక్యం వేరు, నున్నటి వాక్యం వేరు. చిత్రికని చిత్రానికి ఇచ్చేస్తే ఆ తేడా చెప్పే మాట చేజారుతుంది. నా విద్యార్థులకి చిత్రిక ఫొటో చూపించి, ఆ తర్వాతే ఈ నుడికారం చెబుతాను. ఒకసారి చూసినవాళ్లు మళ్లీ అలా రాయరు.

ఇంకో సంగతి. 1962లో భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వ్యవసాయ వృత్తి పదకోశం వచ్చింది. ఊరూరా రైతుల నోటి మాటలు సేకరించి చేసిన పని. 1971లో చేనేత మీద ఇంకో సంపుటం వచ్చింది. ఒక్కో పనిముట్టుకి ఒక్కో ప్రాంతంలో ఏ మాట ఉందో అలా అడిగి రాసుకున్నవాళ్లు ఉండబట్టే ఇవాళ మనకి తెలుస్తోంది. మీ పెట్టెలో ఉన్నవి కూడా అలా రాసి పెట్టదగ్గవే.

తెనాలి

గాడి తీసే చిత్రిక అంటే ఏ మేస్త్రీకైనా అర్థమవుతుంది. కానీ మీ పెద్దనాన్న దాన్ని ఏమని పిలిచేవారో ఆయనతో కలిసి పని చేసినవాళ్లని అడగండి. ఇప్పుడంతా కరెంటు మిషన్లే కాబట్టి ఆ పేరు చెప్పగలిగేవాళ్లు పెద్దవాళ్లే ఉంటారు.

ఏలూరు

ఆయన దగ్గర పని నేర్చుకున్న బాబాయి ఒకరు దెందులూరులో ఉన్నారు. ఈ ఆదివారం పెట్టె తీసుకునే వెళ్తాను. ఒక్కో పనిముట్టూ ఆయన చేతికిచ్చి, దాని పేరు, భాగాల పేర్లు, పట్టుకునే తీరు ఫోన్లో రికార్డు చేస్తాను. ఆయన ఏ మాట అంటే ఆ మాటే ఇక్కడ రాస్తాను, సరిదిద్దకుండా.