స్కాలర్‌షిప్ వ్యాసంలో ఇంటి కష్టం రాయాలా?

వెన్నెల: స్కాలర్‌షిప్‌కి అప్లై చేస్తున్నాను. ఆదాయ ధ్రువపత్రం, మార్కుల జాబితా, రెండు సిఫార్సు లేఖలు సిద్ధం. "మీరు ఎదుర్కొన్న కష్టం గురించి 500 పదాల్లో రాయండి" అన్న చోట ఆగిపోయాను. నాన్న పోయిన సంగతి రాయమని ఫ్రెండ్స్ అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. రాయకపోతే నష్టమా?

లెక్కలమాస్టారు: రాయండమ్మా, మొహమాటపడొద్దు. నేను మూడేళ్లు ఒక ట్రస్టుకి అప్లికేషన్లు చదివిపెట్టాను. ఒక్కోదానికి పది నిమిషాలు దొరికితే గొప్ప. అందరికీ మంచి మార్కులే ఉంటాయి. మధ్యలో ఒక సెమిస్టర్‌లో ఎందుకు పడిపోయాయో మీరు చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది?

తూర్పుగాలి: ఆదాయ ధ్రువపత్రం పెట్టాక మళ్లీ కన్నీళ్లెందుకండీ? నేను అమ్మ జబ్బు గురించి రాశాను. ఇంటర్వ్యూలో ఒకాయన "ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?" అని అడిగారు. గొంతు పూడుకుపోయింది. స్కాలర్‌షిప్ రాలేదు.

చుక్కాని: 500 అంటే కచ్చితంగా 500ఆ, లోపు అయినా పర్లేదా? నాది 501కి కత్తిరించేసింది.

లెక్కలమాస్టారు: తూర్పుగాలి గారూ, అన్నీ ఒకటి కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకి ఇచ్చే రోడ్స్ స్కాలర్‌షిప్ లాంటివి ప్రతిభ చూసి ఇస్తారు, ఇంటి ఆదాయంతో పని లేదు. అవసరం చూసి ఇచ్చేచోట పరిస్థితి తెలియాలి కదా?

తూర్పుగాలి: పరిస్థితి కాగితాల్లో ఉంది. మీ పది నిమిషాల్లో బాగా రాయగలిగినవాడి కష్టమే పెద్దదిగా కనిపిస్తుంది. రాయడం రానివాడి కష్టం చిన్నదైపోతుందా?

లెక్కలమాస్టారు: మేం ఏడుపు చూసి డబ్బిచ్చామంటారా? రాత్రుళ్లు కూర్చుని చదివాం. ఆ మాట అనకండి.

చుక్కాని: శీర్షిక కూడా పదాల లెక్కలోకి వస్తుందా? ఎవరైనా చెప్పండి.

నీలికలం: వెన్నెల గారూ, ఇంటి సంగతి సిఫార్సు లేఖ రాసే లెక్చరర్‌ని రాయమనండి. మీరు చదువు గురించి రాయండి.

తూర్పుగాలి: మాస్టారూ, నాకు రాలేదని కాదు నా బాధ. మరుసటి ఏడు మా చెల్లెలికి వచ్చింది. సభలో స్టేజీ మీదికి పిలిచి, మైకులో అమ్మ జబ్బు పేరుతో సహా చదివి చెక్కు చేతికిచ్చారు. అది చెక్కుని రెండు చేతులతో పట్టుకుని తల వంచుకునే నిలబడింది. మర్నాటి నుంచి కాలేజీలో ఎవరు పలకరించినా ఆ జబ్బు గురించే. సాయం చేస్తే మా ఇంటి గుట్టు మీ సొంతమైపోతుందా?

లెక్కలమాస్టారు: డబ్బిచ్చేవాళ్లు ఎవరికిస్తున్నామో తెలుసుకోవాలనుకోవడం తప్పు కాదు. ఆ మాట మీదే ఉన్నాను. కానీ మేం చదివినది ఆ గది దాటకూడదు. ఒకసారి దాటింది. ఒక అబ్బాయి వ్యాసం బ్రోచర్‌లో వేశారు. వేసేముందు నాకు చూపించారు, నేను వద్దనలేదు.

తూర్పుగాలి: ఆ అబ్బాయిని అడిగారా?

లెక్కలమాస్టారు: లేదు.

వెన్నెల: అందరికీ థాంక్స్. గడువు ఈ రాత్రికే. "కుటుంబ కారణాల వల్ల మూడో సెమిస్టర్‌లో మార్కులు తగ్గాయి" అని ఒక్క వాక్యం రాసి, మిగతాదంతా ఆ తర్వాత ఎలా పుంజుకున్నానో రాశాను. మాస్టారూ, ఫారం చివర "నా వివరాలు ప్రచారానికి వాడుకోవచ్చు" అని ఒక గడి ఉంది. అందులో టిక్ పెట్టకపోతే సబ్మిట్ అవ్వట్లేదు. ఏం చేయమంటారు?