గుర్రం పారిపోయిన ముసలాయన కథ అసలు ఎక్కడిది?

గట్టుమీద_కాకి:
వాట్సాప్‌లో తిరిగే కథే, మీరూ చదివే ఉంటారు. ముసలాయన గుర్రం పారిపోతుంది, ఊళ్ళోవాళ్ళు అయ్యో పాపం అంటారు, అది ఇంకొన్ని గుర్రాలను వెంటేసుకుని వస్తుంది, కొడుకు స్వారీ చేయబోయి పడి కాలు విరగ్గొట్టుకుంటాడు, తర్వాత యుద్ధమొస్తే కుంటివాడని వదిలేస్తారు. ఒకరు జెన్ బౌద్ధుల కథ అంటారు, ఒకరు జపాన్ అంటారు, ఇంకొకరైతే బుద్ధుడే చెప్పాడని రాసేశారు. నిజంగా ఎక్కడిది? మన ‘అంతా మన మంచికే’ మంత్రి కథా ఇదీ ఒకటేనా? మా అమ్మాయికి చెప్తే ‘మరి యుద్ధానికెళ్ళిన పక్కింటి అబ్బాయి ఏమయ్యాడు నాన్నా’ అంది, నీళ్ళు నమిలాను.

పాత_పుస్తకం:
చైనాదండీ. హువాయ్‌నాన్‌జీ అనే గ్రంథం, 18వ అధ్యాయం. హువాయ్‌నాన్ రాజు లియు ఆన్ తన కొలువులో పండితులతో తయారుచేయించి క్రీ.పూ. 139లో హాన్ చక్రవర్తి వూకి సమర్పించాడు. జెన్ అప్పటికి పుట్టనే లేదు. జపాన్‌లో, కొరియాలో ఇది సామెతగా స్థిరపడింది, ఆ గందరగోళం అందుకే. మూలంలో గుర్రం పారిపోయింది సరిహద్దు అవతలి హూ తెగల వైపు, వాళ్ళ మేలుజాతి గుర్రాలతోనే తిరిగొచ్చింది, చివరికి దండెత్తి వచ్చిందీ వాళ్ళే. మీ అమ్మాయి అడిగినదానికి జవాబు అందులోనే ఉంది: సరిహద్దు జనంలో పదిమందికి తొమ్మిదిమంది చచ్చిపోయారు. ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఆ ముక్క పీకేశారు.

తిరగమోత:
మంత్రి కథ వేరేనండి. అందులో రాజుగారి వేలు తెగుతుంది, మంత్రి మన మంచికే అంటే ఒళ్ళు మండి చెరసాల్లో వేయిస్తాడు, అడవిలో బలి ఇవ్వబోయినవాళ్ళు అవయవలోపం ఉందని రాజును వదిలేస్తారు, చెరలో లేకపోతే నన్ను బలిచ్చేవాళ్ళు కదా ప్రభూ అని మంత్రి చేతులు జోడిస్తాడు. లెక్క అక్కడికి తేలిపోతుంది, పైవాడు చూసుకుంటాడులే అనిపిస్తుంది. ఈ ముసలాయన ఆ ధైర్యం ఇవ్వడు. గుర్రాలొచ్చాయని ఊరంతా సంబరపడుతుంటే ‘ఇది కీడు కాదని ఎలా తెలుసు’ అంటాడు. మన ఊళ్ళో అయితే శుభమా అని వస్తే ఇదేం నోరయ్యా అని తిట్టిపోసేవాళ్ళు.

పాత_పుస్తకం:
భలే చెప్పారు. అదే అధ్యాయంలో దీనికి ముందే ఇంకో కథ ఉంది, నాకైతే అదే ఎక్కువ నచ్చుతుంది. సోంగ్ రాజ్యంలో ఒకడి నల్లావుకి తెల్లదూడ పుడుతుంది. శుభశకునం, దేవతలకి బలి ఇమ్మంటాడు పెద్దాయన. కొన్నాళ్ళకి తండ్రికి చూపు పోతుంది. మళ్ళీ తెల్లదూడ, మళ్ళీ అదే మాట, ఈసారి కొడుక్కి పోతుంది. ఆనక చూ అనే రాజ్యపు సైన్యం నగరాన్ని ముట్టడిస్తే తిండిలేక జనం ఒకరి పిల్లల్ని ఒకరు మార్చుకుని తినేదాకా వస్తుంది, గోడలెక్కి పోరాడినవాళ్ళు పోతారు, గుడ్డివాళ్ళని ఈ ఇద్దరినీ పోరుకి పిలవరు. ముట్టడి ఎత్తేశాక చూపు తిరిగొస్తుంది.

గట్టుమీద_కాకి:
బాబోయ్, ఇది పిల్లకి చెప్పను. పదికి తొమ్మిది మాట మాత్రం చెప్తాను. ఇప్పుడు గుర్రం పేరేంటని అడిగితే?

పాత_పుస్తకం:
పేరు లేదండీ, ముసలాయనకీ లేదు. కొడుక్కి స్వారీ అంటే ఇష్టమని మాత్రం రాసి ఉంది.